కందనకాయ తగ్గించుకునే పిట్ట

కోడిని ముక్కలు చేసేటప్పుడు మీరు చూసే ఉంటారు. రొమ్ము ముక్క తెల్లగా ఉంటుంది. తొడ ముక్క ఎర్రగా ఉంటుంది. కోడి ఒక్కటే. మరి రెండు రంగులెందుకు?

కోడి పొద్దస్తమానం నడుస్తుంది, నేల గీరుతుంది. కాళ్ళకు ఎప్పుడూ పనే. అలా ఆగకుండా పనిచేసే కండకు ప్రాణవాయువు నిల్వ కావాలి. ఆ నిల్వ ఉంచే పదార్థమే ఎర్రగా ఉంటుంది. రెక్కలు ఆడించే కండ రొమ్ములో ఉంది. కుక్క తరిమితే గోడ ఎక్కేదాకే కోడికి దానితో పని. ఆ కాస్తకే అలసిపోతుంది. పావురం అలా కాదు. మైళ్ళకు మైళ్ళు ఎగురుతుంది. అందుకే దాని రొమ్ము కండ కూడా ముదురు ఎరుపు.

పని మారితే కొన్ని పక్షుల ఒళ్ళే మారిపోతుంది. గాడ్విట్ అనే పిట్ట సంగతి చూడండి. ఇది నాటుపెట్ట కన్నా చిన్నది. కాళ్ళు పొడుగు, ముక్కు ఇంకా పొడుగు. అమెరికా దేశపు ఉత్తర కొసన అలాస్కాలో పిల్లల్ని చేస్తుంది. చలికాలం రాకముందే న్యూజిలాండు, ఆస్ట్రేలియా వైపు పోతుంది. దారంతా దాదాపు సముద్రమే. ఇది బాతులాగా నీళ్ళమీద తేలి సేదతీరే పిట్ట కాదు. కాబట్టి దిగటం లేదు, తిండీ లేదు.

అందుకని బయలుదేరే ముందే బురదలో పురుగుల్ని, గుల్లల్ని తెగ తింటుంది. ఒంటి బరువులో సగానికి పైగా కొవ్వే అవుతుంది. గుండె, రొమ్ము కండ పెరుగుతాయి. కందనకాయ, పేగులు మాత్రం బాగా చిన్నవైపోతాయి. దారిలో తినేదే లేనప్పుడు కందనకాయ మోత దండగ కదా! చేరాక అవి మళ్ళీ పెరుగుతాయి.

2022లో ఒక గాడ్విట్‌కు చిన్న యంత్రం కట్టి దారి గమనించారు. దాని వయసు ఐదు నెలలే. 11 రోజులు ఆగకుండా ఎగిరి ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దీవి చేరింది. 13,560 కిలోమీటర్లు! హైదరాబాదు నుంచి ఢిల్లీకి రైలు దారి ఎంతో, దానికి ఎనిమిది రెట్లు.

తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఒకచోట దిగాలి. చైనా, కొరియాల మధ్య పసుపు సముద్రం ఉంది. దాని ఒడ్డు బురదలో వారాల తరబడి తిని, మళ్ళీ కొవ్వు పట్టించుకుంటుంది. ఆ బురద నేలల్ని చాలావరకు పూడ్చేశారు. దక్షిణ కొరియాలో 2006లో 33 కిలోమీటర్ల గోడ కట్టి, ఒక పెద్ద తీరానికి సముద్రపు పోటు రాకుండా ఆపేశారు. బురద ఎండింది. గుల్లలు చచ్చాయి. అక్కడ ఏరుకుని బతికే ఆడవాళ్ళకూ పని పోయింది, పిట్టలకూ మేత పోయింది. ఆ దేశంలో మిగిలిన బురద తీరాల్లో కొన్నిటిని 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు.