శనివారం బయల్దేరిన లోడు
సప్లయ్ చైన్ డిగ్రీలో చేరబోయే పిల్లలు ముందుగా తెలుసుకోవాల్సిన ఓ కాగితం కథ

2020 జనవరి 4, శనివారం. హైదరాబాద్‌లో సత్యం శివం పేపర్స్ అనే సంస్థ పంపిన కాగితం లోడుతో ఓ ఆటో ట్రాలీ బయల్దేరింది. బిల్లు ఉంది, సరుకు రవాణాకు కావాల్సిన ఈ-వే బిల్లూ ఉంది. సిటీలోనే డెలివరీ కాబట్టి ఈ-వే బిల్లు గడువు ఆదివారం అర్ధరాత్రితో సరి. ఆ శనివారమే పౌరసత్వ సవరణ చట్టానికి వ్యతిరేకంగా నగరంలో పెద్ద ర్యాలీ జరిగింది. ట్రాఫిక్ ఎక్కడికక్కడ ఆగిపోవడంతో డ్రైవర్ బండిని ఇంటికి తీసుకెళ్లిపోయాడు. మర్నాడు ఆదివారం, సెలవు. సోమవారం సరుకు దించడానికి వెళ్తుంటే వాణిజ్య పన్నుల అధికారి బండి ఆపి, ఈ-వే బిల్లు గడువు దాటిపోయిందన్నారు. సరుకును ఓ ప్రైవేటు ఇంట్లో దింపించారు. పన్ను, జరిమానా కలిపి రూ. 69 వేలు కట్టాకే అది తిరిగి చేతికొచ్చింది.

సంస్థ హైకోర్టు గడప తొక్కింది. గడువు దాటినంత మాత్రాన పన్ను ఎగ్గొట్టే ఉద్దేశం ఉందనలేమని తెలంగాణ హైకోర్టు 2021లో తేల్చింది. కట్టించుకున్న డబ్బు వడ్డీతో సహా తిరిగివ్వాలని, ఖర్చుల కింద మరో రూ. 10 వేలు చెల్లించాలని ఆదేశించింది. పన్నుల శాఖ సుప్రీంకోర్టుకు వెళ్తే అక్కడా చుక్కెదురైంది. 2022 జనవరిలో అప్పీలు కొట్టేసిన ధర్మాసనం ఖర్చులకు ఇంకో రూ. 59 వేలు జోడించింది.

న్యాయం గెలిచింది, సంతోషమే. అయితే దానికి రెండేళ్లు పట్టింది. సప్లయ్ చైన్ కోర్సులో చేరాలా వద్దా అని ఈ చేరికల కాలంలో తలపట్టుకుంటున్న విద్యార్థి చూడాల్సింది తీర్పుకన్నా ముందున్న ఆదివారం సాయంత్రాన్ని. ఈ-వే బిల్లు గడువు తీరడానికి 8 గంటల ముందు నుంచి, తీరాక 8 గంటల వరకు దాన్ని పొడిగించుకునే వీలుంది. అంటే ఆదివారం సాయంత్రం 4 గంటల నుంచి సోమవారం ఉదయం 8 దాకా. బండి ఎక్కడుంది, ఎందుకాగింది, గడువు ఎప్పటిదాకా అని ఆ వేళలో కనిపెట్టుకుని ఉండి, ట్రాన్స్‌పోర్టరు చేత పోర్టల్‌లో కారణం నమోదు చేయించే మనిషి ఒకరుంటే కోర్టు మెట్లెక్కే అవసరమే వచ్చేది కాదేమో. ఆ మనిషిని తయారుచేయడమే ఈ చదువు పని.

ఈ-వే బిల్లును దగ్గరగా చూస్తే ఒక సెమిస్టరుకు సరిపడా పాఠం కనబడుతుంది. పన్నెండంకెల నంబరు. ‘ఎ’ భాగంలో ఎవరు ఎవరికి పంపుతున్నారు, సరుకేంటి, విలువెంత. ‘బి’ భాగంలో బండి నంబరు. దారిలో బండి చెడిపోయి లోడును వేరే లారీకి మార్చితే ‘బి’ భాగమూ మార్చాల్సిందే. సాధారణంగా సరుకు విలువ రూ. 50 వేలు దాటితే ఇది తప్పనిసరి. 2021 జనవరి నుంచి ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు. అంతకుముందు 100 కిలోమీటర్లకే ఒక రోజు. హైదరాబాద్ నుంచి విజయవాడకు 275 కిలోమీటర్లనుకుంటే రెండు రోజులు, విశాఖకు 620 అనుకుంటే నాలుగు. ఈ లెక్క నోటికి రాని డిస్పాచ్ ఉద్యోగి సంస్థకు భారమే.

ఇక ఈ రంగం పుట్టుపూర్వోత్తరాలు గబగబా చెప్పుకుందాం. 1956లో మాల్కం మెక్‌లీన్ అమెరికాలో 58 అల్యూమినియం పెట్టెలను ఓడకెక్కించడంతో కంటెయినర్ల యుగం మొదలైంది. ‘సప్లయ్ చైన్ మేనేజ్‌మెంట్’ అనే మాటను 1982లో కీత్ ఆలివర్ అనే కన్సల్టెంట్ వాడుకలోకి తెచ్చారు. మన దగ్గర అసలు మలుపు 2017 జులైలో వచ్చిన జీఎస్టీ. అంతకుముందు కేంద్ర అమ్మకపు పన్ను తప్పించుకోవడానికి కంపెనీలు ప్రతి రాష్ట్రంలో ఓ చిన్న గోదాము నడిపేవి. ఆ అవసరం తీరిపోవడంతో చిన్నవి మూసి పెద్దవి కట్టారు. మేడ్చల్, శంషాబాద్, పటాన్‌చెరు చుట్టుపక్కల లేచిన భారీ షెడ్ల వెనక ఉన్న కారణాల్లో ఇదొకటి.

తరగతి గదిలో నేర్పగలిగిందీ ఉంది. ఎంఐటీలో 1960ల నుంచి ఆడిస్తున్న ‘బీర్ గేమ్’ అందుకు మంచి నమూనా. నలుగురు వరసగా కూర్చుంటారు: చిల్లర దుకాణదారు, టోకు వ్యాపారి, డిస్ట్రిబ్యూటరు, ఫ్యాక్టరీ. మాట్లాడుకోకూడదు. ఎన్ని కేసులు కావాలో చీటీ మీద రాసి పక్కవారికి తోయాలి. సరుకు రావడానికి వారాలు పడుతుంది. మొదట్లో గిరాకీ వారానికి 4 కేసులు. ఐదో వారంలో 8 అవుతుంది, చివరిదాకా ఆ ఎనిమిది దగ్గరే ఉంటుంది. జరిగే మార్పు అదొక్కటే. అయినా దుకాణదారు కంగారుపడి కాస్త ఎక్కువ రాస్తాడు, టోకు వ్యాపారి దాని మీద ఇంకొంచెం వేసుకుంటాడు, ఫ్యాక్టరీ దాకా వెళ్లేసరికి ఆర్డరు కొండంత అవుతుంది. కొన్ని వారాలకు అడిగినదంతా ఒక్కసారే వచ్చిపడి గోదాములు నిండిపోతాయి. ఆట ముగిశాక దుకాణదారు చీటీలు, ఫ్యాక్టరీ చీటీలు పక్కపక్కన పరిస్తే తరగతి మొత్తానికి నోట మాట రాదు. ఎవరూ తప్పు చేయలేదు, నష్టం మాత్రం అందరిదీ. పాఠ్యపుస్తకాల్లో దీన్ని బుల్‌విప్ ఎఫెక్ట్ అంటారు. నాలుగు కుర్చీలు, కాసిని చీటీలు ఉంటే ఏ డిగ్రీ కాలేజీలోనైనా ఆడించవచ్చు.

ఇలాంటివి చేసి చూస్తేనే ఒంటబడతాయి. అందుకే కోర్సుల బ్రోషర్లను కాస్త అనుమానంగా చూడటం మంచిది. కోర్సు పేరులో అనలిటిక్స్, గ్లోబల్ లాంటి మాటలు ఎన్నున్నా, విద్యార్థి మూడేళ్లలో ఒక్కసారీ లోడింగ్ బే మీద నిలబడకపోతే ఆ పట్టాకు బలం తక్కువ. లాజిస్టిక్స్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ భాగస్వామ్యంతో నడిచే బీబీఏ లాంటి డిగ్రీల్లో అప్రెంటిస్‌షిప్ చదువులో భాగం. ఇంట్లో డబ్బుకు ఇబ్బందిగా ఉన్న పిల్లలకు ఇది మేలైన దారి. పీజీకి వెళ్లాలనుకుంటే ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ఎంబీఏలు, వడోదరలోని గతిశక్తి విశ్వవిద్యాలయం, ఒకప్పటి నిటీ అయిన ఐఐఎం ముంబయి ఉన్నాయి.

ఉద్యోగాల మాటకొస్తే, మొదటి మెట్టు కష్టమే. ఊరి చివర గోదాము, షిఫ్టు డ్యూటీ, రోజంతా నిలబడే పని. స్టాకు లెక్క కంప్యూటర్లో ఒకటి, ర్యాకులో ఒకటి ఉంటే తేడా ఎక్కడొచ్చిందో పట్టుకోవాలి. మందుల గోదాములో ముందొచ్చిన పెట్టెను ముందు పంపితే చాలదు. ఏ బ్యాచ్ గడువు ముందు తీరుతుందో అదే ముందు కదలాలి. టీకాలైతే చాలావాటిని 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంచాలి, డేటా లాగర్ తీసిచూస్తే ప్రయాణమంతా ఆ గీత దాటకూడదు. జీనోమ్ వ్యాలీ ఉన్న హైదరాబాద్‌లో ఈ పని తెలిసినవారికి గిరాకీ ఉంటుంది. గోదాముల్లో రెండుమూడేళ్లు నలిగినవారికి ఇన్వెంటరీ కంట్రోల్, కొనుగోళ్లు, డిమాండ్ ప్లానింగ్ వైపు దారి తెరుచుకుంటుంది. అమీర్‌పేటలో సరుకుల లెక్కల సాఫ్ట్‌వేర్ శాప్ ఎంఎం నేర్చుకునేవారిలోనూ స్టోర్స్‌లో పనిచేసి వచ్చినవారికి ఆ తెరల మీదున్న ప్రతి గడీ ఎందుకుందో అర్థమవుతుంది.

కస్టమ్స్ దారి

ఓడరేవుల పక్కన పెరిగిన పిల్లలకు పెద్దగా ప్రచారం లేని దారి ఒకటుంది. కస్టమ్స్ బ్రోకర్ దగ్గర సహాయకుడిగా చేరితే ‘హెచ్’ కార్డు ఇస్తారు. కస్టమ్స్ శాఖ పరీక్ష గట్టెక్కితే ‘జి’ కార్డు. డిగ్రీ ఉండి, ‘జి’ కార్డుతో రెండేళ్లు పనిచేస్తే సొంత లైసెన్సు పరీక్షకు అర్హత వస్తుంది. ఆ పరీక్ష పెట్టేది కస్టమ్స్, పరోక్ష పన్నుల జాతీయ అకాడమీ అయిన నాసిన్ సంస్థ. శ్రీసత్యసాయి జిల్లా పాలసముద్రంలో 2024 జనవరిలో దాని కొత్త ప్రాంగణం ప్రారంభమైంది.

అమెరికా వెళ్లేవారికి, వెళ్లలేనివారికి

డాలస్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ సహా కొన్నిచోట్ల సప్లయ్ చైన్ ఎమ్మెస్‌కు స్టెమ్ గుర్తింపు ఉంది. చదువయ్యాక పని అనుమతి మరో రెండేళ్లు పొడిగించుకునే అవకాశం దానితోనే వస్తుంది. అన్ని యూనివర్సిటీల్లో ఉండదు కాబట్టి అప్లై చేసేముందే చూసుకోవాలి. అంత ఖర్చు పెట్టలేనివారికి ఎంఐటీ సప్లయ్ చైన్ మైక్రోమాస్టర్స్ ఆన్‌లైన్‌లో ఉంది. ఎన్‌పీటెల్‌లో మన ఐఐటీల ప్రొఫెసర్లు చెప్పిన పాఠాలు ఉచితం. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు కట్టాలి.