పుస్తకాలను ఇళ్ళకు పంపించిన పండితుడు – జార్జ్ టిక్నర్



ఈసారి గోడపత్రికలో ఒక అమెరికా పండితుని గురించి రాస్తున్నాను. ఆయన పేరు జార్జ్ టిక్నర్. ఆయన సాహిత్య చరిత్రకారుడు. రాజుల చరిత్ర రాసేవాళ్ళు మనకు తెలుసు. మరి సాహిత్య చరిత్రకారుడంటే ఎవరు? ఒక భాషలో మొదట ఏ పాటలు పుట్టాయి, ఏ కథలు పుట్టాయి, ఎవరి తర్వాత ఎవరు రాశారు అని వరుసగా చెప్పేవాడు. మన తెలుగులో కందుకూరి వీరేశలింగం గారు కవుల చరిత్ర రాశారు కదా. టిక్నర్ స్పానిష్ భాషకు అలాంటి పని చేశాడు.

బాల్యం, చదువు

టిక్నర్ 1791 ఆగస్టు 1న బోస్టన్ నగరంలో పుట్టాడు. తండ్రి మొదట బడిపంతులు, తర్వాత కిరాణా వ్యాపారం చేశాడు. టిక్నర్ 1807లో డార్ట్‌మత్ కాలేజీలో డిగ్రీ పూర్తి చేశాడు. అప్పటికి ఆయనకు 16 ఏళ్ళే.

ఈ కాలేజీ గురించి మనలాంటి వాళ్ళం ఒక సంగతి తెలుసుకోవాలి. 1769లో దాన్ని పెట్టినప్పుడు అమెరికా ఆదివాసీ పిల్లల చదువు కూడా దాని ఉద్దేశమని పత్రంలో రాసుకున్నారు. అంతకుముందే శామ్సన్ ఆక్కం అనే ఆదివాసీ బోధకుడు ఇంగ్లండు వెళ్ళి, ఊరూరా తిరిగి, ఆదివాసీ పిల్లల బడి కోసం చందాలు పోగు చేశాడు. కాని ఆ డబ్బు కాలేజీకి పోయింది. ఆ కాలేజీలో ఎక్కువగా తెల్లవాళ్ళ పిల్లలే చదివారు. మొదటి 200 ఏళ్ళలో డిగ్రీ పొందిన ఆదివాసీలు 20 మంది కూడా లేరు. 1970 నుంచి మాత్రమే ఆ కాలేజీ పాత మాటను గట్టిగా పట్టించుకుంది.

నిఘంటువు కోసం తిప్పలు

టిక్నర్ 1813లో లాయరు అయ్యాడు. ఏడాది చేసి మానేశాడు. ఆయన మనసంతా చదువు మీదే. జర్మనీలోని గోటింగెన్ విశ్వవిద్యాలయం గురించి చదివి, అక్కడికే పోవాలని పట్టు పట్టాడు. దానికి జర్మన్ భాష రావాలి. బోస్టన్‌లో ఆ భాష బాగా చెప్పే పంతులే దొరకలేదు. వ్యాకరణం పుస్తకం స్నేహితుని దగ్గర అడిగి తెచ్చుకున్నాడు. నిఘంటువు కోసం పక్క రాష్ట్రమైన న్యూ హాంప్‌షైర్‌కు కబురు పెట్టాడు. అట్లా ఒక్కో పుస్తకం అడుక్కుని నేర్చుకున్నాడు. డబ్బున్న ఇంటి పిల్లవాడికే ఇంత కష్టమైతే, లేనివాళ్ళ సంగతేమిటో మీరే ఆలోచించండి.

1815లో ఓడ ఎక్కి యూరప్ వెళ్ళాడు. గోటింగెన్ గ్రంథాలయంలో సుమారు రెండు లక్షల పుస్తకాలు ఉన్నాయి. అప్పుడు అమెరికాలో పేరున్న హార్వర్డ్‌లో ఉన్నవి 20 వేలే. మంచి గ్రంథాలయం లేకపోతే ఎంత పెద్ద కాలేజీ అయినా ముందుకు పోలేదని ఆయనకు అక్కడే అర్థమైంది.

ఉద్యోగం, గ్రంథం

1818లో స్పెయిన్ వెళ్ళి ఆ భాష, పుస్తకాలు బాగా పరిశీలించాడు. 1819లో తిరిగి వచ్చి హార్వర్డ్‌లో ఫ్రెంచి, స్పానిష్ ప్రొఫెసరు అయ్యాడు. పిల్లల్ని తరగతిని బట్టి కాకుండా, ఎవరికి ఎంత వచ్చో చూసి గుంపులు చేసి చెప్పాలన్నాడు. మిగతా ప్రొఫెసర్లు చాలామంది ఒప్పుకోలేదు. తన శాఖలో మాత్రం చేసి చూపించాడు. 1835లో ఉద్యోగం వదిలేశాడు. ఆ స్థానంలోకి కవి లాంగ్‌ఫెలో వచ్చాడు.

తర్వాత చాలా ఏళ్ళు కూర్చుని స్పానిష్ సాహిత్య చరిత్ర రాశాడు. 1849లో మూడు సంపుటాలుగా అచ్చయింది. స్పెయిన్ పండితులే దాన్ని తమ భాషలోకి మార్చుకున్నారు. పరాయి దేశంవాడు రాసిన తమ చరిత్రను వాళ్ళు చదువుకున్నారన్నమాట! ఆ గ్రంథంలో గొప్ప కవులతో పాటు, జనం నోటి మీద ఉన్న పాత కథాగేయాలకు కూడా ఆయన చాలా చోటు ఇచ్చాడు.

అందరికీ పుస్తకం

నాకు అన్నిటికంటే నచ్చింది ఆయన ముసలితనంలో చేసిన పని. 1852లో బోస్టన్ పబ్లిక్ లైబ్రరీ పెట్టే కమిటీలో ఆయన ఉన్నాడు. పుస్తకాలు పండితుల కోసం భద్రంగా దాచాలని కొందరి ఆలోచన. టిక్నర్ అట్లా కాదన్నాడు. మామూలు మనుషులు ఇష్టపడే పుస్తకాలు కొనాలి, ఒక్కో పుస్తకం ఎక్కువ ప్రతులు కొనాలి, డబ్బు తీసుకోకుండా ఇంటికి ఇవ్వాలి అన్నాడు. 1854లో ఒక బడి భవనంలో ఆ లైబ్రరీ తెరిచారు. తన స్పానిష్ పుస్తకాలు కూడా దానికే చెందేటట్టు రాసిపెట్టి, 1871 జనవరి 26న చనిపోయాడు.

ఆయనలో లోపాలు లేవని కాదు. బానిసత్వం వెంటనే పోవాలని పోరాడినవాళ్ళను ఆయన దూరం పెట్టాడు. ఆ మాట కూడా చెప్పుకోవాలి. మంచి పని ఎవరు చేసినా తీసుకుందాం, తప్పును తప్పనే అందాం.

మనం చేయగలిగింది

మిత్రులారా, పుస్తకం బీరువాలో ఉంటే చెదలకు, చేతిలో ఉంటే మనిషికి. వారానికి ఒక రోజు బీరువా తెరిచి, పుస్తకాలు పేర్లు రాసుకుని ఇవ్వమని వార్డెన్ సారును వినయంగా కోరుతున్నాను. చింపకుండా తిరిగి ఇచ్చే పూచీ మనది.

ఇంకొక మాట. కోయ, గోండి, సవర, కొండ భాషల్లో పాటలు పాడే అవ్వలు, తాతలు మన ఊళ్ళలో ఉన్నారు. గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక్కొక్కరం ఒక్క పాట రాసుకుని వద్దాం. పాడినవారి పేరు, ఊరు కూడా కింద రాద్దాం. మన సాహిత్య చరిత్ర మొదటి పేజీ అదే అవుతుంది.