చదువు ఫోన్లోకి వస్తే ఊరి సంపాదన మాటేమిటి?

అమ్మాయి డిగ్రీలో చేరుతోందంటే మనం ముందు లెక్కేసేది ఫీజు. ఆ తర్వాత బస్‌పాసు, హాస్టలు. ఆ డబ్బంతా ఎవరి చేతికి చేరుతుందో మాత్రం ఆలోచించం.

గంగవరం, పుంగనూరు పిల్లలకు అందుబాటులో ఉన్న చదువుల ఊళ్లే తీసుకోండి. మదనపల్లెలో 1915 నాటి బీసెంట్ థియొసాఫికల్ కాలేజీ, కుప్పంలో 1997లో వచ్చిన ద్రావిడ విశ్వవిద్యాలయం ఉన్నాయి. కాలేజీ ఉన్నచోట అద్దెగదులు, మెస్సులు, జిరాక్సు షాపులు, టైలరింగు... అన్నీ దాని నీడన బతికేవే. వాటిలో ఆడవాళ్ల కష్టం తక్కువేం కాదు!

గదులకు తాళం పడితే...

2020లో కరోనాతో పాఠాలు ఫోన్లోకి మారినప్పుడు ఆ నీడ విలువ తెలిసొచ్చింది. పిల్లలు ఇళ్లకెళ్లిపోతే మెస్సులో పొయ్యి వెలగదు కదా! కాలేజీలు తెరిచాక కూడా ఫోను పాఠం పోలేదు. కేంద్రం 2017లో ప్రారంభించిన 'స్వయం'లో పాఠాలు ఉచితం. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. విశ్వవిద్యాలయం ఒప్పుకుంటే సెమిస్టరులో 40 శాతం దాకా సబ్జెక్టులు ఇలా చదవొచ్చని యూజీసీ 2021లో అనుమతించింది.

పెళ్లితో చదువు ఆగిన ఇల్లాలికి ఇంట్లోంచే డిగ్రీ అంటే వరమే. కానీ ఆ ఫీజు ఎక్కడో దూరాన ఉన్న సంస్థకు పోతుంది. మరి ఊళ్లోకి డబ్బు తిరిగి వచ్చేదెలా?

కుప్పం నేర్పిన పాఠం

2002లో హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీ ప్రభుత్వంతో కలిసి కుప్పంలో మూడేళ్ల పథకం చేపట్టింది. కొందరు పొదుపు సంఘాల మహిళలకు డిజిటల్ కెమెరా, సౌరశక్తితో నడిచే చిన్న ప్రింటరు ఇచ్చి పని నేర్పారు. గుర్తింపు కార్డులకూ వేడుకలకూ వాళ్లు ఊళ్లోనే ఫోటోలు తీసి సంపాదించారు. తర్వాత ప్రతి ఫోన్లోకీ కెమెరా వచ్చేసింది! యంత్రం వస్తే చాలదు. పని నేర్పేవాళ్లు ఉండాలి, గిరాకీ ఉండాలి, మారినప్పుడల్లా మళ్లీ నేర్చుకోవాలి.

చేరేముందు చూసుకోండి

* ఆన్‌లైన్ డిగ్రీకి యూజీసీ అనుమతి ఉందో లేదో ఫీజు కట్టకముందే దాని వెబ్‌సైటులో చూడాలి.

* ఇంజినీరింగు, నర్సింగు, ఫార్మసీ, లా డిగ్రీలు ఆన్‌లైన్లో ఇస్తామంటే నమ్మొద్దు. వాటికి అనుమతి లేదు.

* ఏ పని నేర్పుతారు, ఇక్కడే ఉండి ఆ పని చేసుకోవచ్చా అని అడగండి.

డిగ్రీ గడప దాకా రావడం సంతోషమే. దాని వెనకే పని కూడా రావాలి. అప్పుడే ఆ చదువు ఇంటికీ ఊరికీ అన్నం పెడుతుంది.