రోహిణి ఎండ బాయిలర్ కాదు

మే నెలలో ఊరి బయట ప్రీకాస్ట్ యార్డులు చూడండి. పొద్దున పోసిన ప్రహరీ పలకలు, ఫెన్సింగ్ స్తంభాలు పైన గోనెపట్టా కూడా లేకుండా ఎండలో వరుసగా పడి ఉంటాయి. ఇదేమిటని ఒక యజమానిని అడిగితే నవ్వాడు. "పెద్ద కంపెనీలోళ్లు బాయిలర్ పెట్టి మరీ వేడి పుట్టిస్తారు. మనకి సూర్య భగవానుడు ఫ్రీగా ఇస్తున్నాడు గదండీ!" ఈ తెలివి మొదట ఎవరికి పుట్టిందో గానీ, దాని ఫలితం మాత్రం రైతు పొలంలో తేలుతోంది. తీగ లాగి బిగించగానే స్తంభం నడుమ దగ్గర పుటుక్కుమంటోంది.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలే అన్నారు. రాతికే ఆ గతి పడితే పొద్దున పోసిన పచ్చి కాంక్రీటు ఎంత?

చిక్కంతా "ఆరడం" అనే మాటతో వచ్చింది. స్లాబు ఆరిందా, పలక ఆరిందా అని అడుగుతాం. బట్టలు ఆరతాయి, మిరపకాయలు ఆరతాయి. సిమెంటు నీటితో కలిసి రసాయనికంగా మారి గట్టిపడుతుంది. ఆ నీరు ఎగిరిపోతే పని సగంలో ఆగుతుంది. లోపలి తేమ సుమారు 80 శాతం కిందికి దిగితే గట్టిపడటం దాదాపు నిలిచినట్టే. వేడి ఆ చర్యను తొందరపెడుతుందనేది నిజమే. 10 డిగ్రీలు పెరిగితే వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది, నీరు అక్కడే ఉంటే. బాయిలర్ ఆవిరి పట్టించే స్టీమ్ గదిలో గాలి నిండా తేమే కాబట్టి పలకలోని నీరు బయటికి పోదు. వడగాలిలో పెట్టిన పలకకు ఆ రక్షణ ఏది? రేకులో పోసిన ఇడ్లీ పిండిని మేడ మీద ఎండలో పెట్టి రండి. సాయంత్రానికి దొరికేది వడియం.

నమ్మకం కుదరకపోతే కళ్లతోనే చూడొచ్చు. ఆ యజమాని యార్డులోనే మూడు రోజుల పలక మీద చెంబుడు నీళ్లు పోయించాను. ఇసుక మీద పోసినట్టు పీల్చేసింది. రెండు నిమిషాల్లో పైభాగం తెల్లబడింది గానీ, అక్కడక్కడ సన్నటి నల్లగీతలు మిగిలాయి. వెంట్రుకంత పగుళ్లలో నిలిచిన తడి అది. పొడిగా ఉన్నప్పుడు ఆ పలక అద్దంలా ఉంది! లోపలి ఇనుముకు పైనున్న కాంక్రీటు అంగుళం కూడా ఉండదు. ఆ గీతల గుండా వాన నీరు దిగితే తుప్పుకు ఎంతోకాలం పట్టదు.

యజమాని వెంటనే క్యూబ్ టెస్టు కాగితం తీశాడు. పాసే. బలం చూడటానికి అదే కాంక్రీటుతో పోసిన క్యూబులు నీళ్ల తొట్టిలో పెరిగాయి, పలకలు ఎండలో పెరిగాయి. పాసైంది తొట్టి.

ఇక బాయిలర్ కొన్నవాళ్లకు వేరే జబ్బు. పోసీ పోయగానే ఆవిరి వదలడం, ఎంత మంటపెడితే అంత గట్టి అనుకోవడం. పచ్చి కాంక్రీటులోని గాలి, నీరు వేడికి కంకర కంటే ఎన్నో రెట్లు వ్యాకోచిస్తాయి. ఆ తోపుడును తట్టుకునే బలం దానికి ఇంకా రాలేదు. అందుకే ముందు రెండు మూడు గంటలు కదపకుండా వదిలేయాలి. ఆ తర్వాత గంటకు 15–20 డిగ్రీలకు మించకుండా వేడి పెంచాలి, 60–65 దగ్గర నిలపాలి, దింపేటప్పుడూ అంతే నిదానంగా దింపాలి. 70 దాటిస్తే ప్రమాదం అప్పటికప్పుడు కనిపించదు. మొదట్లో కుదురుగా ఏర్పడాల్సిన ఎట్రింగైట్ అనే పదార్థం ఆ వేడికి నిలవదు. కాంక్రీటు గట్టిపడ్డాక, తేమ తగిలినప్పుడు, ఏళ్ల తర్వాత లోపల పుట్టి దాన్ని ఉబ్బించి పగలగొడుతుంది. జర్మనీ, ఫిన్లాండ్ రైల్వేల కాంక్రీటు స్లీపర్లలో 1980లలోనే ఈ రోగం బయటపడింది. మనవాళ్లకు ఆ అనుభవం సొంతంగా కావాలేమో!

మిగతా నమ్మకాలూ ఇంతే. తట్టినప్పుడు ఖంగుమంటే బలమున్నట్టు కాదు. పైన తెల్లటి పొడి తేలితే సెట్టయిన గుర్తూ కాదు, అది బయటికొచ్చిన సున్నం. రెండు బస్తాల సిమెంటు ఎక్కువేస్తే క్యూరింగ్ (తడి నిలిపి ఉంచడం) అక్కర్లేదనే వాళ్లతో వాదించను. బూడిద కలిసిన సిమెంటు ఆవిరికి పనికిరాదనడం కూడా ఒట్టి మాట. ఆ బూడిద, అంటే ఫ్లైయాష్, వేడికి బాగానే స్పందిస్తుంది, పైగా ఇందాక చెప్పిన ఉబ్బు రోగాన్ని తగ్గిస్తుంది.

పాతకాలపు మేస్త్రీలు ఒకటంటారు: "ఆవిరి బలం నిలవదు." నిలవకపోవడం ఉండదు గానీ, అందులో కొంత నిజముందని ఒప్పుకోక తప్పదు. తొందరగా పుట్టిన పదార్థం సిమెంటు రేణువుల చుట్టూనే చిక్కగా పేరుకుని, లోపలికి నీరు సరిగా వెళ్లనివ్వదు. అందుకే మర్నాడు ఆవిరి పలకదే పైచేయి అయినా, 28 రోజులకు నీళ్లలో నానిన పలక దాన్ని కొంత దాటేస్తుంది. ఇది ముందే లెక్కలో వేసుకుని మిక్స్ తయారుచేస్తే భయం లేదు.

బాయిలర్ కొనే స్తోమత లేదా? సరే, ఎండనే వాడుకోండి, కానీ తేమను కట్టేసి. పలక పైన తడి గోనె, దాని మీద అంచులు మూసుకునేలా పాలిథిన్ కప్పండి. మధ్యాహ్నం ఒకసారి ఎత్తి గోనె తడి చూడండి. వేడెక్కిన పలక మీద బోరు చన్నీళ్లు ఒక్కసారిగా కుమ్మరించకండి. ఎండాకాలంలో క్యూరింగ్ కనీసం 10 రోజులని కాంక్రీటు పనుల ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది, బూడిద కలిసిన సిమెంటైతే 14 దాకా పొడిగించమంటోంది. మూడో రోజే లారీకెత్తకండి. రెండు క్యూబులు తొట్టిలో కాకుండా పలకల పక్కనే, అదే గోనె కింద ఉంచి పగలగొట్టించండి.

కొనేవాళ్లు లోడు దించకముందే ఒక బకెట్ నీళ్లు అడగండి. ఇవ్వనంటే లారీని అటునుంచటే పంపేయండి.