కిరణమార్గమును గణించిన యంత్రము

1840వ సంవత్సరమున వియన్నా నగరమందలి గణితాచార్యుడు జోసెఫ్ పెట్స్వాల్, ముఖచిత్రములను శీఘ్రముగ తీయుటకు తగిన కటకము నొకదానిని నిర్మింపబూనినప్పుడు, ఆస్ట్రియా సైన్యమున శతఘ్నిదళముల కధిపతియైన లుడ్విగ్ ప్రభువు ఆయనకు లెక్కలయందు ఆరితేరిన సైనికులను కొందరిని అరువిచ్చెను. ఫిరంగిగుండు పోవు త్రోవను లెక్కగట్టువారికి కిరణము పోవు త్రోవ ఎంతటిది యని తలపవచ్చును గాని, ఆ పని అంత సులభమైనది కాదు. కిరణము గాజునందలి ఒక్కొక్క తలమునొద్ద ఎంత వంగునో గుణించి, అక్కడినుండి తరువాతి తలమున కెక్కడ తగులునో తేల్చి, ఇట్లనేక కిరణములను నడిపించిన పిదప, ఒక్క తలపు వంపును రవంత మార్చినచో ఆ లెక్కనంతను మరల మొదటినుండి చేయవలెను.

ఈ చాకిరి నూరేండ్లకు పైగా మనుష్యుల తలపైననే యుండెను. జపానులో ఫూజీ ఫోటో ఫిల్ము సంస్థయందు కటకముల రూపకల్పన చూచుచుండిన బుంజి ఒకజాకి 1949లో దీనికి విరుగుడు వెదకనారంభించి, ఇంచుమించు ఒంటరిగనే శ్రమించి, 1956 మార్చి నాటికి ఫూజిక్ అను యంత్రమును పూర్తిచేసెను. అందు రమారమి 1,700 శూన్యనాళికలు. స్మృతికై పాదరసము నింపిన గొట్టములు. సంఖ్యలు శబ్దతరంగములై ఆ పాదరసమున ఒక కొసనుండి రెండవ కొసకు పయనించి, చేరినంతనే మరల మొదటికి పంపబడుచుండెను. ఆగక తిరుగుచుండుటయే దానికి జ్ఞాపకము! మనుష్యునికంటె సుమారు 2,000 రెట్లు వేగముగ లెక్కించిన ఈ యంత్రమే జపానున తొలి ఎలక్ట్రానిక్ కంప్యూటరు. ఒక దేశపు ప్రథమ కంప్యూటరు జమాఖర్చులకొరకు గాని యుద్ధముకొరకు గాని పుట్టక, వెలుతురు బాట వెదకుటకు పుట్టినదన్న సంగతి నాకు ముచ్చట గొల్పును. రెండున్నరేండ్లు పనిచేసిన పిమ్మట అది వాసెడా విశ్వవిద్యాలయమునకు చేరి, తుదకు టోక్యోలోని జాతీయ ప్రదర్శనశాలలో విశ్రమించినది.

కోడ్ ఫైవ్, జీమాక్స్ మొదలగు నేటి వృత్తినిపుణుల సాఫ్ట్‌వేరులు చేయునది ఆ పనినే. వానిని తెరచిన క్రొత్తవానికి మొదట అగపడునది వెలుగు కాదు. వక్రతా వ్యాసార్ధములు, మందములు, గాజుల పేర్లు నిండిన పట్టిక. వెలయు మిక్కుటము. ఓనమాలు దిద్దువానికి పంచాంగ గణిత మొప్పగించినట్లుండును.

ప్రారంభకుడు కోరదగినది, దర్పణమును చేతితో జరిపినంతనే కిరణము తిరుగుట కంటికి కనబడునట్టి పరికరము. నోబెల్ బహుమతి నందిన కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయమున ఆరంభించిన ఫెట్ ప్రయోగములు, బ్రౌజరులోనే నడచు రే ఆప్టిక్స్ సిమ్యులేషన్ అట్టివి, రెండును ఉచితములే. ఏది ఎన్నుకొన్నను, దానిని నమ్ముటకు ముందొక పరీక్ష పెట్టవలెనని నా మతము. వక్రతా వ్యాసార్ధము 20 సెంటీమీటర్లుగల పుటాకార గోళీయ దర్పణము నిలిపి, ప్రధానాక్షమునకు సమాంతరముగ, దానికి 10 సెంటీమీటర్ల ఎత్తున ఒక కిరణమును పంపుడు. పతనకోణ మచట 30 డిగ్రీలు. పతన, పరావర్తన కోణములు నిజముగ సమానములైనచో, ఆ కిరణము అక్షమును దర్పణ ధ్రువమునుండి 10 సెంటీమీటర్ల దూరమున గాక, సుమారు 8.45 సెంటీమీటర్లయొద్దనే ఖండింపవలెను. అట్లుగాక అన్ని కిరణములును 10వ సెంటీమీటరునందే బుద్ధిగ కలిసికొనుచున్నచో, ఆ సాఫ్ట్‌వేరు గీయుచున్నది పాఠ్యపుస్తకమందలి బొమ్మ. అక్షమును ఆనుకొని పోవు కిరణములకు మాత్రమే చెల్లు సూత్రమును అది అన్నిటికిని అంటగట్టుచున్నది. పాఠము చెప్పుకొనుటకది చాలును. దర్పణము చేయించుకొనువానికి చాలదు.

పరీక్షలో నెగ్గిన పరికరమున అర్ధవృత్తాకార దర్పణము పెట్టి, ఒక్క కిరణమునకు మారు దట్టమైన సమాంతర పుంజమును విడిచి చూడుడు. కిరణము లొండొంటిని ఒరసికొనుచు, నాభియొద్ద మొనదేలి ఇరుప్రక్కలకు వంగిన వెలుగురేఖ యొకటి తెరపై తేలును. సాయంకాలపు టెండ ఏటవాలుగ పడినప్పుడు స్టీలు గిన్నెలోని పాలపై మెరయు రేఖ అదియే.