ట్రావెల్ ఫొటోగ్రఫీ పిచ్చి ఉన్న ఫ్రెండ్‌కి గిఫ్ట్ కొంటున్నారా? నేను చేసిన తప్పు మీరు చేయకండి

రెండేళ్ల క్రితం మా రూమ్మేట్ పుట్టినరోజుకి ఒక మెమరీ కార్డు గిఫ్ట్ ఇచ్చాను. కవర్ మీద 512 జీబీ అని పెద్ద అక్షరాలతో ఉంది. రేటు మాత్రం పేరున్న కార్డు ధరలో మూడో వంతు కూడా లేదు. ఆన్‌లైన్ సేల్‌లో కనపడగానే కొనేశాను.

వాడు ఆ కార్డు కెమెరాలో వేసుకుని అమ్మానాన్నలని మనాలి తీసుకెళ్లాడు. వాళ్లిద్దరూ మంచు చూడటం అదే మొదటిసారి. రోహ్‌తాంగ్ పాస్ దగ్గర వాళ్లమ్మ కొంగు తలకి చుట్టుకుని, మంచు ముద్ద చేతిలోకి తీసుకుని నవ్వుతుంటే ఫొటో తీశానని ఫోన్‌లో ఎంత సంబరంగా చెప్పాడో. హైదరాబాద్ వచ్చి ల్యాప్‌టాప్‌లో పెడితే మొదటి రెండు రోజుల ఫొటోలే ఓపెన్ అయ్యాయి. మిగతా వాటికి పేరుంది, సైజుంది, లోపల ఏమీ లేదు. రోహ్‌తాంగ్ ఫొటోలన్నీ పోయాయి.

వాడు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే ఇంకా బాధ. రోజూ కోడ్ రాసేవాణ్ని, ఫోన్ కొనాలంటే వారం రోజులు స్పెక్స్ చదివేవాణ్ని, గిఫ్ట్ దగ్గరికొచ్చేసరికి రేటు చూసి పడిపోయాను.

అప్పట్నుంచి నేను ఒక లెక్క పెట్టుకున్నాను. ట్రిప్‌లో ఫొటోలు ఎందుకు పోతాయో చూసి, ఆ కారణాల్లో ఒకదాన్ని తీర్చే వస్తువే కొంటాను. కార్డు పాడవడం, బ్యాటరీ అయిపోవడం, వానలో తడవడం, చెయ్యి వణకడం. ఎక్కువసార్లు జరిగేవి ఇవే. కెమెరా, లెన్స్ లాంటివి వాళ్ల అభిరుచికి సంబంధించినవి. అవి వాళ్లనే కొనుక్కోనివ్వండి.

ముందు కాస్త డిటెక్టివ్ పని

గిఫ్ట్ సర్‌ప్రైజ్‌గా ఉండాలి, కానీ వాళ్ల కెమెరా మోడల్ తెలియకుండా కొంటే బ్యాటరీ పట్టదు, ఫిల్టర్ బిగదు. అడగకుండా తెలుసుకోవడానికి ఒక ట్రిక్ ఉంది. "ఆ ఫొటో వాల్‌పేపర్ పెట్టుకుంటా, క్వాలిటీ తగ్గకుండా వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపరా" అని అడగండి. మామూలు ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించి, లోపలి వివరాలు తీసేస్తుంది. ఎడిట్ చేయని ఒరిజినల్‌ని డాక్యుమెంట్‌గా పంపితే అవి అలాగే ఉంటాయి. విండోస్‌లో ఆ ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, డీటెయిల్స్‌లోకి వెళ్తే కెమెరా మోడల్ కనిపిస్తుంది. చాలాసార్లు లెన్స్ పేరు కూడా ఉంటుంది.

తెలుసుకోవాల్సినవి మూడే: కెమెరా మోడల్, ఎక్కువగా వాడే లెన్స్, ఫోన్‌కి ఉన్నది యూఎస్‌బీ-సీ పోర్టా కాదా.

మెమరీ కార్డు: చిన్న వస్తువు, పెద్ద రిస్క్

నకిలీ కార్డు ఎలా మోసం చేస్తుందంటే, లోపల ఉన్న అసలు మెమరీ 32 జీబీనే అనుకోండి. కంట్రోలర్ చిప్‌లో ఫర్మ్‌వేర్ మార్చి, కెమెరా అడిగినప్పుడు "నేను 512 జీబీ" అని చెప్పిస్తారు. కెమెరా నమ్మేస్తుంది. 32 జీబీ నిండేదాకా అంతా బాగానే ఉంటుంది. ఆ తర్వాత వచ్చే డేటా ఎక్కడా రాయబడదు, లేదా పాత ఫొటోల మీదే రాసేస్తుంది. ఫైల్ పేర్ల పట్టిక మాత్రం కార్డు మొదట్లో భద్రంగా ఉంటుంది కాబట్టి పేర్లు కనిపిస్తాయి. అసలు రాయని డేటాని ఏ రికవరీ సాఫ్ట్‌వేర్ కూడా వెనక్కి తేలేదు.

అందుకే ఇచ్చే ముందు మీరే టెస్ట్ చేయండి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్, మ్యాక్‌లలో ఎఫ్3 అనే ఉచిత టూల్స్ ఉన్నాయి. ఇవి కార్డు మొత్తం డేటా నింపి, మళ్లీ చదివి సరిచూస్తాయి. మంచి కార్డ్ రీడర్ ఉంటే 128 జీబీ కార్డుకి గంట అటూ ఇటూ పడుతుంది. ఆ గంట నేను వెచ్చించి ఉంటే ఈ ఆర్టికల్ రాయాల్సిన పనే ఉండేది కాదు.

స్పీడ్ విషయంలో బాక్సు మీద ఉన్న పెద్ద నంబర్ చూసి మురిసిపోకండి. అది సాధారణంగా రీడ్ స్పీడ్. కెమెరాకి కావాల్సింది ఆగకుండా రాసే స్పీడ్. దానికి వీ30 అనే గుర్తు చూడాలి, అంటే సెకనుకి కనీసం 30 ఎంబీ రాయగలదని. 100 ఎంబీపీఎస్ 4కే వీడియోకి సెకనుకి 12.5 ఎంబీ చాలు, కాబట్టి ఎక్కువమందికి వీ30 సరిపోతుంది. అదే వీడియో గంటసేపు తీస్తే సుమారు 45 జీబీ అవుతుంది. దాన్నిబట్టి కెపాసిటీ ఎంచుకోండి. నా సలహా అయితే ఒకే 512 బదులు రెండు 128లు. ఒకటి పోయినా రెండోది మిగులుతుంది.

బ్యాకప్: ఎవరూ కొనుక్కోని గిఫ్ట్

మా వాడి దగ్గర ఆ ట్రిప్‌లో ఒక కార్డ్ రీడర్ ఉండి ఉంటే? రాత్రి హోటల్‌లో ఫొటోలు ఫోన్‌లోకి కాపీ చేస్తున్నప్పుడే తేడా తెలిసేది. మర్నాడు వేరే కార్డు కొనుక్కునేవాడు. యూఎస్‌బీ-సీ కార్డ్ రీడర్ వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. ఐఫోన్‌లలో 15 సిరీస్ నుంచి యూఎస్‌బీ-సీ వచ్చింది, అంతకు ముందువాటికి లైట్నింగ్ రీడర్ కావాలి.

బడ్జెట్ ఎక్కువుంటే పోర్టబుల్ ఎస్ఎస్‌డీ. హార్డ్ డిస్క్‌లో తిరిగే ప్లేట్లు ఉంటాయి, బస్సు కుదుపులకి, బ్యాగ్ కింద పడితే దెబ్బతినే ప్రమాదం ఎక్కువ. ఎస్ఎస్‌డీలో కదిలే భాగాలే లేవు. ఫోన్‌తోనే ఫొటోలు తీసేవాళ్లకి కూడా ఇది మంచి గిఫ్ట్, ఎందుకంటే ఇప్పుడు చాలా ఫోన్లలో కార్డు స్లాటే ఉండట్లేదు.

పవర్: ఎంఏహెచ్ మాయ

20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ అంటే ఫోన్‌కి అంతా ఎక్కుతుందని కాదు. ఆ లెక్క లోపలి సెల్ 3.7 వోల్టుల దగ్గరిది. బయటికి 5 వోల్టులకి మార్చేటప్పుడు అంకె తగ్గుతుంది, కొంత వేడిగా పోతుంది. బాక్సు మీద చిన్న అక్షరాల్లో ఉండే "రేటెడ్ కెపాసిటీ" చూడండి. సుమారు 12,000 అని ఉంటే అది నిజాయితీ అయిన అంకె.

విమానం ఎక్కేవాళ్లకైతే వాట్-అవర్లు ముఖ్యం. 20,000 ఎంఏహెచ్‌ని 3.7తో గుణిస్తే 74 వాట్-అవర్లు. 100 లోపు ఉన్నవాటిని క్యాబిన్ బ్యాగులో తీసుకెళ్లొచ్చు, చెక్-ఇన్ లగేజీలో పెట్టకూడదు. 30,000 ఎంఏహెచ్ అంటే 111 అవుతుంది, దానికి ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. పెద్దది కొనిచ్చి ఎయిర్‌పోర్టులో వాళ్లని ఇరికించకండి. బీఐఎస్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉందో లేదో కూడా చూడండి.

కెమెరా వాడేవాళ్లకి స్పేర్ బ్యాటరీ ఇంకా మంచిది. చలిలో లిథియం బ్యాటరీ త్వరగా పడిపోతుంది. చలికాలం తెల్లవారుజామున లంబసింగి వెళ్లినవాళ్లని అడగండి, చెబుతారు. స్పేర్‌ని జేబులో ఒంటి వేడికి దగ్గరగా ఉంచుకోవాలి. మోడల్ మాత్రం కచ్చితంగా చూసుకోండి: సోనీ ఏ6400కి ఎన్‌పీ-ఎఫ్‌డబ్ల్యూ50, ఏ7 3కి ఎన్‌పీ-ఎఫ్‌జెడ్100. కంపెనీ ఒకటే, బ్యాటరీలు వేరు.

ఫిల్టర్, ట్రైపాడ్

లెన్స్ ముందు సున్నాకి అడ్డగీత కొట్టినట్టు ఒక గుర్తు, పక్కన 67 లేదా 77 లాంటి అంకె ఉంటుంది. అదే ఫిల్టర్ సైజు, మిల్లీమీటర్లలో. లెన్స్ పేరు తెలిస్తే నెట్‌లో కూడా దొరుకుతుంది.

ఒక్కటే కొనగలిగితే సీపీఎల్ కొనండి. నీటి మీద, ఆకుల మీద మెరుపు తగ్గించి, ఆకాశం రంగు పెంచుతుంది. ఆ మెరుపుని తర్వాత ఎడిటింగ్‌లో తీసేయడం చాలా కష్టం. జలపాతాల పిచ్చి ఉన్నవాళ్లకి ఎన్‌డీ ఫిల్టర్. ఎన్‌డీ64 వెలుతురుని 64వ వంతుకి తగ్గిస్తుంది. బొగత జలపాతం దగ్గర 1/30 సెకనులో తీయాల్సిన ఫొటోని సుమారు 2 సెకన్లు తీయొచ్చు, నీళ్లు పాల నురగలా వస్తాయి. కానీ 2 సెకన్లు చేత్తో పట్టుకోలేం, ట్రైపాడ్ ఉండాలి. వాళ్ల దగ్గర లేకపోతే ముందు అదే ఇవ్వండి.

ట్రైపాడ్‌లో రెండు చూడండి: మడిస్తే 45 సెంటీమీటర్ల లోపు ఉండాలి, బరువు కిలోన్నర దాటకూడదు. అంతకంటే బరువైతే రెండో ట్రిప్ నుంచి ఇంట్లోనే ఉండిపోతుంది.

500 రూపాయల్లో

కెమెరా రెయిన్ కవర్, చిన్న డ్రై బ్యాగ్, బ్లోయర్, మైక్రోఫైబర్ క్లాత్. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో ఉండేవాళ్లకి గాలి చొరబడని డబ్బా, అందులో సిలికా జెల్. తేమకి లెన్స్ లోపల ఫంగస్ పడుతుంది, క్లీనింగ్ ఖర్చు ఈ డబ్బాకి ఎన్నో రెట్లు ఉంటుంది.

ఇవి మాత్రం వద్దు

అమెరికా నుంచి వచ్చే అన్నయ్యతో డ్రోన్ తెప్పిద్దామనుకుంటున్నారా? 2022 ఫిబ్రవరి 9న కేంద్రం విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకే మినహాయింపు, దానికీ అనుమతులు కావాలి. కస్టమ్స్‌లో ఆగితే గిఫ్ట్ పోతుంది. ఇక్కడే కొన్నా, ఎగరేసే ముందు డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూడాలి.

దీనికంటే ప్రమాదమైనది శాటిలైట్ మెసెంజర్. సిగ్నల్ లేని ట్రెక్కులకి గార్మిన్ ఇన్‌రీచ్ బాగుంటుందని విదేశీ వీడియోల్లో చెబుతుంటారు. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా అలాంటివి వాడితే కేసు అవుతుంది. ఎయిర్‌పోర్టులో అలా పట్టుబడినవాళ్లు ఉన్నారు.

కెమెరా బ్యాగు కూడా వద్దనే అంటాను. అది చెప్పుల్లాంటిది, ఎవరి కొలత వాళ్లది.

చివరగా

ఏది కొన్నా బిల్లు దాచి గిఫ్ట్‌తో పాటే ఇవ్వండి. వారంటీకి, మార్చుకోవడానికి అదే ఆధారం.

తర్వాతి పుట్టినరోజుకి మా వాడికి రెండు 128 జీబీ కార్డులు, ఒక రీడర్ ఇచ్చాను. రెండు కార్డుల టెస్ట్ రిజల్ట్ ప్రింట్ తీసి బాక్సులో పెట్టాను. చూసి పడీపడీ నవ్వాడు. వాళ్లమ్మకి మోకాళ్ల నొప్పులు, మళ్లీ మనాలి కుదర్లేదు. మొన్న డిసెంబర్‌లో పాడేరు తీసుకెళ్లాడు. వంజంగి కొండ ఎక్కలేకపోయారు కానీ, కింద రోడ్డు పక్కన పొగమంచులో ఇద్దరూ టీ తాగుతున్న ఫొటో అదే రాత్రి ఫోన్‌లోకి కాపీ చేసి నాకు పంపాడు. డాక్యుమెంట్‌గా.