నడుము నొప్పికి గట్టి పరుపే మందా?

నడుము నొప్పిగా ఉందని ఇండియాకి ఫోన్ చేసి చెప్పి చూడండి. "ఆ మెత్తటి పరుపుల వల్లే అదంతా. నాలుగు రోజులు నేల మీద చాప వేసుకుని పడుకో, అదే పోతుంది" అంటారు. ఇక్కడ పరుపుల షాపుకి వెళితే "ఇది ఆర్థోపెడిక్, ఎక్స్‌ట్రా ఫర్మ్, మీ నొప్పికి ఇదే కరెక్ట్" అంటారు. చాపకి ఖర్చు లేదు, ఈ పరుపుకి మూడు వేల డాలర్లు. కానీ రెండు సలహాల్లో ఉన్న నమ్మకం ఒకటే: ఎంత గట్టిగా ఉంటే నడుముకి అంత మంచిదని.

నేను డాక్టర్‌ని కాదు, ఫిజియోని కూడా కాదు. బీఎస్సీ చదివి, పెళ్ళయ్యాక సిడ్నీ వచ్చి, ఇల్లూ పిల్లలూ చూసుకుంటున్న గృహిణిని. రెండో బాబు పుట్టినప్పటి నుంచి నడుము నొప్పి ఉంది. మా పాత పరుపు మార్చాల్సి వచ్చినప్పుడు అంత డబ్బు పెట్టే ముందు ఈ నమ్మకంలో ఎంత నిజం ఉందో తెలుసుకుందామని చదవడం మొదలుపెట్టాను. అలా చదివినవీ, షాపుల్లో గమనించినవీ మీతో పంచుకుంటున్నాను. మనలో చాలామందికి ఈ నొప్పి ఉంది. 2022 జాతీయ ఆరోగ్య సర్వే ప్రకారం ఆస్ట్రేలియాలో దాదాపు 40 లక్షల మందికి, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరికి, వెన్ను సమస్య ఉంది.

పెద్దవాళ్ళు ఎందుకలా చెప్పారు?

వాళ్ళ మాటకి ఒక కారణం ఉంది. మన ఊళ్ళలో నులక మంచం వదులైపోతే మధ్యలో గుంట పడి కుక్కి మంచం అయ్యేది. దాంట్లో పడుకుంటే నడుము కిందికి జారి, వెన్ను విల్లులా వంగిపోయేది. బూరుగు దూది పరుపు కొన్నాళ్ళకి ఉండలు కట్టి ఒక చోట ఎత్తు, ఒక చోట పల్లం అయ్యేది. అలాంటి పడక పక్కన పెడితే నేలే నయం. అంటే వాళ్ళు పోల్చింది కుక్కి మంచాన్నీ నేలనీ. ఆ రెండింటికీ మధ్యలో ఉండే పడక వాళ్ళకి అందుబాటులో లేదు.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

ఈ విషయంలో ఎక్కువగా ప్రస్తావించే అధ్యయనం స్పెయిన్‌లో జరిగింది. 2003లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. దీర్ఘకాలంగా నడుము నొప్పి ఉన్న 313 మందిని తీసుకుని, కొందరికి గట్టి పరుపు, కొందరికి మధ్యస్థంగా ఉండే పరుపు ఇచ్చారు. ఎవరికి ఏది వచ్చిందో పడుకునేవాళ్ళకీ చెప్పలేదు, ఫలితాలు చూసేవాళ్ళకీ చెప్పలేదు. 90 రోజుల తర్వాత చూస్తే పడుకున్నప్పటి నొప్పి, లేచినప్పటి నొప్పి, రోజువారీ పనుల్లో ఇబ్బంది, ఈ మూడింటిలోనూ మధ్యస్థ పరుపు వాడినవాళ్ళకే ఎక్కువ మేలు జరిగింది.

ఇక్కడ ఒక చిన్న వివరం ముఖ్యం. యూరప్ ప్రమాణంలో 1 అంటే అన్నిటికన్నా గట్టిది, 10 అంటే అన్నిటికన్నా మెత్తనిది. ఆ అధ్యయనంలో గట్టి పరుపు 2.3, మధ్యస్థ పరుపు 5.6. అంటే గెలిచింది స్పాంజిలా కుంగిపోయేది కాదు, సరిగ్గా మధ్యలో ఉన్నది.

2008లో డెన్మార్క్‌లో 160 మంది రోగులతో నీటి పరుపు, ఫోమ్ పరుపు, గట్టి ఫ్యూటాన్ పోల్చి చూశారు. అక్కడ కూడా గట్టి ఫ్యూటాన్‌కి మంచి మార్కులు రాలేదు. కానీ తేడాలు చిన్నవే. కాబట్టి పరుపు మారిస్తే కొంత తేడా ఉంటుంది, అద్భుతాలు మాత్రం ఆశించకూడదు.

పడుకున్నప్పుడు వెన్నులో జరిగేది

వెన్నుపూసల మధ్య ఉండే డిస్కుల్లో నీటి శాతం ఎక్కువ. పగలంతా మన బరువు మోస్తూ అవి కొంత నీటిని కోల్పోతాయి. అందుకే సాయంత్రానికి మనిషి ఎత్తు ఒక సెంటీమీటరు, అంతకన్నా కాస్త ఎక్కువ కూడా తగ్గుతుంది. రాత్రి పడుకుంటే ఆ నీరు తిరిగి చేరుతుంది. 1999లో జర్మనీ పరిశోధకులు ఒక వాలంటీరు నడుములోని డిస్కులో చిన్న సెన్సర్ పెట్టి కొలిచారు. నిలబడినప్పుడు 0.5 మెగాపాస్కల్ ఉన్న ఒత్తిడి పడుకోగానే 0.1కి పడిపోయింది. ఏడు గంటల నిద్రలో డిస్క్ నీరు పీల్చుకుని ఉబ్బేసరికి అది 0.24కి పెరిగింది. ఉదయం లేవగానే నడుము కాస్త బిగుసుకున్నట్టు అనిపించడానికి ఇదొక కారణం. లేచిన వెంటనే వంగి బకెట్ గానీ పిల్లాడిని గానీ ఎత్తకుండా పది నిమిషాలు అటూ ఇటూ నడవడం అందుకే మంచిది.

ఇక పరుపు సంగతి. మన శరీరం పలకలా చదునుగా ఉండదు. పక్కకి తిరిగి పడుకుంటే భుజమూ తుంటీ బయటికి ఉంటాయి, నడుము లోపలికి ఉంటుంది. పరుపు మరీ గట్టిగా ఉంటే భుజం, తుంటి మీద బరువంతా పడి, నడుము కింద ఆసరా లేక గాలిలో వేలాడుతుంది. మరీ మెత్తగా ఉంటే తుంటి దిగిపోయి కుక్కి మంచం కథే మళ్ళీ. భుజమూ తుంటీ తగినంత దిగి, నడుముకి కింద నుంచి ఆసరా అందాలి. ఆ "తగినంత" అనేది మనిషి బరువుని బట్టి మారుతుంది. 55 కిలోల భార్యకి గట్టిగా అనిపించే పరుపు 90 కిలోల భర్తకి మెత్తగా అనిపిస్తుంది. అందుకే ఇద్దరూ కలిసి వెళ్ళి చూడాలి.

ముందు దోషం ఎక్కడుందో చూడండి

కొత్తది కొనే ముందు డబ్బు ఖర్చు లేని పరీక్షలు కొన్ని ఉన్నాయి. పరుపు మీద అడ్డంగా ఒక తిన్నటి కర్ర పెట్టి, మధ్యలో ఎంత గుంట పడిందో చూడండి. పరుపు ఎత్తి కింద చెక్క పలకలు విరిగాయేమో, మధ్య కాలు వదులైందేమో చూడండి. పరుపుని రెండు రాత్రులు నేల మీద వేసుకుని పడుకుంటే నొప్పి తగ్గిందా? అయితే తప్పు మంచానిది, పరుపుది కాకపోవచ్చు. కానీ అలాగే ఎక్కువ రోజులు ఉంచకండి, సిడ్నీ తేమకి అడుగున బూజు పడుతుంది. సెలవులకి వెళ్ళి వేరే చోట పడుకున్నప్పుడు నడుము హాయిగా ఉండి, ఇంటికి రాగానే మళ్ళీ పట్టేస్తే అప్పుడు పరుపుని అనుమానించండి.

ఫోమా, స్ప్రింగా, లేటెక్సా?

పాకెట్ స్ప్రింగ్ పరుపులో ఒక్కో స్ప్రింగ్ దాని గుడ్డ సంచిలో విడిగా ఉంటుంది. ఒకరు దొర్లితే రెండోవాళ్ళకి అంతగా తెలియదు. లేటెక్స్ తేలిగ్గా తిరిగి పైకి లేస్తుంది, బరువూ ధరా ఎక్కువ. మెమరీ ఫోమ్ 1966లో నాసా కోసం చేసిన పరిశోధనలో, విమాన సీట్ల కోసం పుట్టింది. అది వేడికి మెత్తబడుతుంది, చలికి గట్టిపడుతుంది. వెస్ట్రన్ సిడ్నీలో జూలై రాత్రి హీటర్ లేని గదిలో అది మొదట పలకలా అనిపిస్తే ఆశ్చర్యపోకండి, ఒంటి వేడికి నెమ్మదిగా మెత్తబడుతుంది. నడుము నొప్పికి ఫలానా పదార్థమే గొప్పదని చెప్పే ఆధారం నాకు కనబడలేదు. ఆసరా సరిగా ఉందా లేదా అన్నదే చూడాలి.

"ఆర్థోపెడిక్" అన్న ముద్ర చూసి అదనంగా డబ్బు పెట్టకండి. దానికి వైద్యపరమైన నిర్ణీత ప్రమాణం లేదు. "మీడియం", "ఫర్మ్" అన్న మాటలు కూడా కంపెనీ కంపెనీకీ మారుతాయి. ఒకరి మీడియం ఇంకొకరి ఫర్మ్.

షాపులో ఏం చేయాలి?

అంచు మీద కూర్చుని రెండుసార్లు ఊగితే ఏమీ తెలియదు. చెప్పులు విప్పి, ఇంట్లో ఎలా పడుకుంటారో అలాగే, కనీసం పది పదిహేను నిమిషాలు పడుకోండి. మొహమాటపడొద్దు, ఈ పరుపు మీద ఏళ్ళ తరబడి పడుకోబోయేది మనమే. వెల్లకిలా పడుకుని నడుము కింద అరచెయ్యి పెట్టి చూడండి. చెయ్యి సందులో వదులుగా ఆడితే పరుపు గట్టిది. చెయ్యి దూరడమే కష్టమైతే మెత్తనిది. పక్కకి తిరిగితే వెన్ను తిన్నగా ఉందో లేదో పక్కవాళ్ళని ఫోటో తీయమనండి.

నాకు ఒక షోరూమ్‌లో 3,200 డాలర్ల ఎక్స్‌ట్రా ఫర్మ్ చూపించి, ఆ రోజే ఆఫర్ ఆఖరన్నారు. పదిహేను నిమిషాలు పడుకునేసరికి భుజం తిమ్మిరెక్కింది, వచ్చేశాను. చివరికి 1,400 డాలర్లలో మీడియం తీసుకున్నాను. జూన్ నెలాఖరులోనూ బాక్సింగ్ డేకీ సేల్స్ తప్పకుండా వస్తాయి, తొందరపడనవసరం లేదు. ఇక్కడి కొలతలు కూడా గుర్తుంచుకోండి: క్వీన్ 153 × 203, కింగ్ 183 × 203 సెంటీమీటర్లు. ఇండియా నుంచి తెచ్చిన దుప్పట్లు సరిపోకపోవచ్చు.

ఆన్‌లైన్‌లో 100, 120 రాత్రుల ట్రయల్ ఇచ్చే కంపెనీలు ఉన్నాయి. ఒంటికి కొత్త పరుపు అలవాటు కావడానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి ఇది మంచి సదుపాయమే. కనీసం ఎన్ని రాత్రులు వాడాలి, తిరిగి తీసుకెళ్ళే ఖర్చు ఎవరిది, మరక పడితే ఒప్పుకుంటారా అన్న షరతులు ముందే చదవండి. మొదటి రోజు నుంచే వాటర్‌ప్రూఫ్ ప్రొటెక్టర్ వేయండి. పిల్లలున్న ఇంట్లో ఇది తప్పనిసరి.

మన హక్కులు

నచ్చలేదని మనసు మార్చుకుంటే వెనక్కి తీసుకోవాలని చట్టం షాపుని బలవంతపెట్టదు. కానీ కొన్నాళ్ళకే గుంట పడిపోతే అది వేరే విషయం. 2011 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఆస్ట్రేలియన్ కన్స్యూమర్ లా ప్రకారం వస్తువు తగిన నాణ్యతతో ఉండాలి, న్యాయంగా ఆశించినంత కాలం మన్నాలి. కంపెనీ వారంటీ ముగిసినా ఈ హామీ ముగిసిపోవాలని లేదు. లోపం పెద్దదైతే రీఫండ్ కావాలో, మార్చి ఇవ్వాలో మనమే ఎంచుకోవచ్చు. "తయారీదారుని అడగండి" అని షాపువాళ్ళు తప్పించుకోకూడదు. రసీదు దాచి, గుంట ఫోటోలు తీసి పెట్టుకోండి. న్యూ సౌత్ వేల్స్‌లో అయితే ఫెయిర్ ట్రేడింగ్‌కి ఫిర్యాదు చేయవచ్చు.

అమ్మానాన్నల గది

మన ఇళ్ళలో మంచి పరుపు మాస్టర్ బెడ్రూమ్‌లో ఉంటుంది, ఎవరో వదిలేసినదో మార్కెట్‌ప్లేస్‌లో 50 డాలర్లకి తెచ్చినదో గెస్ట్ రూమ్‌కి వెళుతుంది. ఆరు నెలలకని వచ్చిన డెబ్బై ఏళ్ళ అమ్మానాన్నలు దాని మీద పడుకుంటారు. విజిటర్ వీసా మీద వచ్చిన మన పెద్దవాళ్ళకి మెడికేర్ ఉండదు. నడుము పట్టేస్తే ఖర్చు మనదే, బాధ వాళ్ళది. పైగా ప్రైవేటు వ్యక్తుల దగ్గర కొన్న పాత పరుపుకి పైన చెప్పిన నాణ్యత హామీలు వర్తించవు. ఖరీదైనది కొనలేకపోయినా గుంట లేని సాదా మీడియం పరుపు ఒకటి వేయండి. మంచం మీద కూర్చుంటే వాళ్ళ పాదాలు నేలకి పూర్తిగా ఆనేంత ఎత్తులో ఉండాలి. మరీ కిందికి ఉన్న మంచం మీంచి లేవడమే వాళ్ళకి కష్టం. పక్కకి పడుకుంటే మోకాళ్ళ మధ్య, వెల్లకిలా పడుకుంటే మోకాళ్ళ కింద ఒక దిండు పెట్టండి.

పరుపు చేయలేని పని

నా మటుకు నాకు పరుపు మార్చాక ఉదయం నొప్పి తగ్గింది, కానీ పోలేదు. మిగతాది నడకతో తగ్గింది. దీనికి మన సిడ్నీలోనే మంచి ఆధారం ఉంది. మక్వారీ యూనివర్సిటీ పరిశోధకులు 701 మందితో చేసిన అధ్యయనం 2024లో లాన్సెట్‌లో వచ్చింది. నడుము నొప్పి తగ్గినవాళ్ళలో కొందరికి ఫిజియో సలహాతో క్రమంగా నడక అలవాటు చేశారు. నొప్పి మళ్ళీ రావడానికి నడవనివాళ్ళకి 112 రోజులు పడితే, నడిచినవాళ్ళకి 208 రోజులు పట్టింది. పరుపు కోసం దాచిన డబ్బులో కొంత మంచి వాకింగ్ షూస్‌కి పెట్టినా దండగ కాదు. నొప్పి ఆరు నెలలకి మించి ఉంటే మీ జీపీని అడగండి. క్రానిక్ కండిషన్ ప్లాన్ కింద ఏడాదికి 5 వరకు ఫిజియో లాంటి సేవలకి మెడికేర్ రిబేటు వస్తుంది.

కొన్ని లక్షణాలు ఉంటే మాత్రం పరుపుల షాపుకి కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. కాళ్ళలో బలం తగ్గడం, తొడల మధ్య తిమ్మిరి, మల మూత్రాల మీద అదుపు పోవడం ఉంటే వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళండి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, క్యాన్సర్ చరిత్ర, పెద్దవాళ్ళు పడిపోయాక వచ్చిన నొప్పి అయితే ఆలస్యం చేయకుండా చూపించుకోండి. నలభై ఐదు లోపు వయసులో మొదలై, నెలల తరబడి తెల్లవారుజామున నిద్ర లేపే నొప్పి, లేచాక అరగంట దాటినా సడలని బిగుతు ఉంటే అది కీళ్ళవాతం కావచ్చు. దాన్ని ఏ పరుపూ తగ్గించదు, రక్త పరీక్ష, స్కాన్ అవసరమేమో డాక్టరే చెప్పాలి. మీ అమ్మానాన్నలకి ఇంగ్లీషులో చెప్పుకోవడం కష్టమైతే 131 450కి ఫోన్ చేసి తెలుగు దుబాసీని అడగవచ్చు.